నీళ్ళ సూక్ష్మజీవుల పరిశోధనా, బయోఇన్ఫర్మాటిక్స్ పాఠమా, రెండూనా? బరంపురం వైపు ఉండి ఎంచుకునేవాళ్ళకు

పోయిన వేసవిలో పర్లాకిమిడి అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేసింది, చేతిలో మూడు దారులున్నాయి. ఒకటి భువనేశ్వర్‌లో ఒక పరిశోధన సంస్థలో మూడేళ్ళ ప్రాజెక్టు పోస్టు. ఇంకోటి విశాఖ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో బయోఇన్ఫర్మాటిక్స్ (జీవుల డీఎన్ఏ డేటాను కంప్యూటర్‌తో చదివే విద్య) పాఠాలు, పర్మనెంటే గానీ తడి ల్యాబ్, అంటే శాంపిళ్ళతో, రసాయనాలతో పనిచేసే ల్యాబ్ అన్నది లేదు. మూడోది మా బరంపురం వైపు, పాఠాలు చెప్పాలి, పరిశోధన కూడా తనే సొంతంగా మొదలుపెట్టి నడుపుకోవాలి. "సార్, రెండు పడవల మీద కాళ్ళు పెడితే మునిగిపోతావని ఇంట్లో అంటున్నారు, నిజమేనా?" అని అడిగింది.

ఇదే ప్రశ్న ఏడాదికి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. గుణుపురం, రాయగడ, జయపురం నుంచీ, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచీ కూడా. అందుకని ఒకసారి వివరంగా రాసేస్తున్నాను. ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఒక్క ముక్కే: తెల్లారగట్ట బయల్దేరి, నీళ్ళు పట్టుకుని, వడకట్టి, ఫ్రీజర్‌లో పెట్టి, పదిన్నర క్లాసుకు అందుకోగలిగినంత దగ్గరలో నీకొక చెరువో, నీళ్ళు సముద్రంలో కలిసే మొగో, సముద్రమో ఉంటే రెండూ చెయ్యి. లేకపోతే ఏదో ఒకటే చెయ్యి, అది మనసు పెట్టి చెయ్యి. జీతం, పేరు, పోస్టు హోదా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి, కాదనను, కానీ రెండూ కలిపి చేసి మధ్యలో వదిలేసినవాళ్ళలో నాకు తెలిసిన చాలామంది ఓడింది దూరం దగ్గరే.

మొదట ఒక మాట, ఇవి రెండూ వేరు వేరు పనులు అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. సముద్రపు నీళ్ళు ఒక మిల్లీలీటరు తీసుకుంటే, అంటే ఇంచుమించు ఇరవై చుక్కలు, అందులో దాదాపు పది లక్షల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో మన అగర్ ప్లేటు (ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని పెంచే పళ్ళెం) మీద పెరిగేవి నూటికి ఒకటి కూడా ఉండవు. మైక్రోస్కోపులో కనపడే లెక్కకూ ప్లేటు మీద వచ్చే లెక్కకూ ఉన్న ఈ తేడాకు 1985లోనే ఒక పేరు పెట్టేశారు. ఎస్ఏఆర్11 అనే బ్యాక్టీరియా గుంపు సంగతే చూడండి. సముద్రం పైపొరల్లో ఎక్కువగా ఉండేవాటిలో అదొకటి, కానీ 1990లో మనకు తెలిసింది డీఎన్ఏ వరసగా, అంటే ఏ, సీ, జీ, టీ అనే అక్షరాల వరసగా మాత్రమే, ల్యాబ్‌లో పెంచగలిగింది 2002లో. పన్నెండేళ్ళ పాటు ఆ జీవి సైన్సుకు కంప్యూటర్‌లో అక్షరాలుగానే తెలుసు. అంటే నీళ్ళ సూక్ష్మజీవుల్ని చూడాలంటే వరసలు చదవడం రావాలి, వరసలు చదవడం నేర్పాలంటే అవి ఏ నీళ్ళలోంచి వచ్చాయో తెలిసి ఉంటే మంచిది. సబ్జెక్టు ఒకటే, టైమ్‌టేబుల్లో మాత్రం రెండు గళ్ళలో పడింది.

మూడు దారుల సంగతి

పరిశోధన సంస్థ పోస్టు గురించి నేను ఎక్కువ చెప్పను. భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, కౌసల్యాగంగలో మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా, అటు విశాఖలో సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం, ఇలాంటి చోట్ల మైనస్ 80 ఫ్రీజర్ ఉంటుంది, సర్వర్ ఉంటుంది, పక్కన తెలిసినవాళ్ళు ఉంటారు. వచ్చే మూడేళ్ళలో మంచి పేపర్లు కావాలి, తర్వాత విదేశాలకు వెళ్ళాలి అనుకుంటే వెళ్ళిపోండి, ఆలోచించకండి. ఒక్కటే గుర్తు పెట్టుకోండి, అక్కడ ప్రశ్న సాధారణంగా ప్రాజెక్టుది, మీది కాదు, ప్రాజెక్టు అయిపోతే శాంపిళ్ళు అక్కడే ఉండిపోతాయి.

పాఠం ఒక్కటే చెప్పడాన్ని చాలామంది తక్కువగా చూస్తారు, అది నాకు నచ్చదు. ఇంట్లో చిన్న పిల్లలున్నా, పెద్దవాళ్ళను చూసుకోవాల్సి ఉన్నా, తెల్లవారుజామున నాలుగింటికి పడవ ఎక్కే పని పెట్టుకోకపోవడమే సరైన నిర్ణయం. సొంత శాంపిళ్ళు లేకపోయినా ప్రపంచమంతా దాచిపెట్టిన డేటా ఉంది, దాంతో గొప్పగా నేర్పవచ్చు, ఆ సంగతి కింద చెప్తాను.

ఇక రెండూ కలిపి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు నేరుగా క్లాసులో ఉండాలి, అసోసియేట్‌కూ ప్రొఫెసర్‌కూ 14. వినడానికి పదహారే కదా అనిపిస్తుంది. బయోఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టికల్ ఒక్కటి కొత్తగా పెట్టాలంటే ముందు రోజు రాత్రి కూర్చుని ప్రతి కమాండూ ఆ ల్యాబ్ కంప్యూటర్ల మీదే నడిపి చూడాలి, మన ల్యాప్‌టాప్‌లో నడిచింది అక్కడ నడవదు. దాని మీద పరీక్షలు, పేపర్లు దిద్దడం, అడ్మిషన్లు, కమిటీలు. అప్పుడు మిగిలేవి వారంలో ఒక తెల్లవారుజాము, ఒక మధ్యాహ్నం, ఆదివారం. పరిశోధన ఈ మూడింటిలో పట్టాలి. ఎంచుకునేటప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసుకోండి.

ఏ నీళ్ళు

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను.

మా వైపు పరిశోధన అనగానే అందరి కళ్ళూ చిలికా మీదే పడతాయి. పడాలి కూడా. 1981లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరిన సరస్సు. పూడిక పడి, ఉప్పు తగ్గి పాడైపోతున్న దశలో 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వారు, 2002లో ప్రమాద జాబితా నుంచి తీసేశారు. ఉత్తరం వైపు మహానది పాయలైన దయా, భార్గవి మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి, తూర్పున మొగ దగ్గర సముద్రపు నీళ్ళు లోపలికి వస్తాయి, దక్షిణాన రంభ వైపు ఉప్పు మిగతాచోట్ల కంటే నిలకడగా ఉంటుంది. ఒకే సరస్సులో మంచినీళ్ళ నుంచి సముద్రపు నీళ్ళ దాకా అన్ని మెట్లూ ఉన్నాయి. బ్యాక్టీరియా గుంపులు ఎలా మారతాయో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు వెతికినా దొరకదు, ఎందుకంటే ఏ నీళ్ళలో ఏ బ్యాక్టీరియా ఉంటుందో తేల్చేవాటిలో ఉప్పుది పెద్ద చెయ్యి, ప్రపంచమంతటి డీఎన్ఏ వరసలు పోల్చి 2007లో తేల్చిన సంగతి ఇది, వేడి కంటే కూడా ఉప్పే ముందు.

కానీ నేను మొదటి ఏడాది చేసిన తప్పు కూడా చిలికాలోనే. ఉత్తరం నుంచి దక్షిణం దాకా పది స్టేషన్లు, అంటే నీళ్ళు పట్టే చోట్లు, గుర్తు పెట్టుకున్నాను, మ్యాపు మీద చాలా బాగుంది. బాలుగావ్‌లో పడవ ఎక్కి ఉత్తరం చివరి స్టేషన్‌కు చేరేసరికే ఎండ నడినెత్తికి వచ్చేది, తిరిగొచ్చేసరికి చీకటి, వడకట్టడం అర్ధరాత్రి దాటేది, మర్నాడు క్లాసులో నిలబడితే కళ్ళు మూతలు పడేవి. ఆగస్టులో గాలి లేచి పడవవాళ్ళు రానన్నారు. అక్టోబరులో తుఫాను హెచ్చరిక. డిసెంబరుకు చూసుకుంటే రెండు నెలల శాంపిళ్ళు లేవు, పది స్టేషన్లలో నాలుగు సగం సగం. నెలనెలా తీసే శాంపిళ్ళలో రెండు నెలలు పోతే ఏ మార్పు వానల వల్ల వచ్చిందో చెప్పడానికి ఆధారమే పోయినట్టు. పిల్లలకు పాఠం సరిగ్గా చెప్పలేదు, పరిశోధన కూడా నిలబడలేదు. ఆ ఏడాది మీద ఇప్పటికీ నాకు బాధ ఉంది.

కాబట్టి చిలికా కావాలంటే రంభ వైపు దక్షిణం ఒక్కటే పెట్టుకోండి, మూడు స్టేషన్లు చాలు. బరంపురం నుంచి గంట పైన ప్రయాణం, ఉదయం ముగించుకుని రావచ్చు. ఉప్పు మెట్లన్నీ దొరకవు, నిజమే, కానీ వానకు ముందూ వానకు తర్వాతా ఏం మారిందో దొరుకుతుంది, అది కూడా మంచి ప్రశ్నే. అనుమతుల కాగితాలు మాత్రం ముందే చూసుకోండి, పక్షుల అభయారణ్యం నలబణ వైపు వెళ్ళాలంటే వేరే అనుమతి.

గోపాల్‌పూర్ సముద్రం బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు. ఇక్కడ మనకు ఒక బలం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు: అక్కడి బెస్త కుటుంబాలు చాలావరకు తెలుగువాళ్ళే, నోలియాలని ఒడియావాళ్ళు పిలిచేది వాళ్ళనే. అలల గోడ దాటి తెప్ప మీదో పడవ మీదో బయటికి తీసుకెళ్ళి నీళ్ళు పట్టించేది వాళ్ళే, సముద్రం గురించి వాళ్ళకు తెలిసింది మన డేటా షీటులో ఒక గడిగా ఉండాలి. ఒకసారి మార్చిలో మాకు ఎప్పుడూ పడవ ఇచ్చే బాబాయ్ బాటిల్ నింపకముందే, "మాస్టారూ, ఇది మొన్నటి నీరు కాదు, రంగు తిరిగింది, వలకి జిగురు పడతంది" అన్నాడు. తెచ్చి మైక్రోస్కోపు కింద పెడితే ఆస్టీరియొనెల్లా, నక్షత్రాల్లా అంటుకుని ఉండే డయాటమ్ అనే సూక్ష్మ నాచు, గుట్టలు గుట్టలుగా ఉంది. ఈ తీరంలో అది విరగబడి పెరగడం కొత్తేమీ కాదు. ఆయన చెప్పింది నేను రాసుకోకపోయి ఉంటే, ఆర్నెల్ల తర్వాత బార్ చార్టులో ఆ ఒక్క నెల వింతగా కనిపిస్తే శాంపిల్ చెడిపోయిందని తీసిపారేసేవాణ్ణి.

గోపాల్‌పూర్‌తో ఇబ్బంది ఏమిటంటే అలలు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా బయటికి వెళ్ళడం నమ్మకం కాదు. ఒడ్డున నిలబడి బకెట్‌తో పడితే ఇసుక, ఊళ్ళో మురుగు కలిసి వస్తుంది. పైగా రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి కాబట్టి ఆ మొగకు 20 కిలోమీటర్ల లోపల నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపలవేట నిషేధం, అప్పుడు ఆ చుట్టుపక్కల పడవ దొరకడం కష్టం, దొరికినా అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు. రుషికుల్య మొగనే ప్రశ్నగా పెట్టుకునేవాళ్ళు ఈ తేదీలు క్యాలెండర్ మీద ముందే గుర్తు పెట్టుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది తంపర. ఛత్రపురం పక్కనే ఉన్న మంచినీళ్ళ సరస్సు. బస్సులో కూడా వెళ్ళిరావచ్చు, చిన్న పడవ దొరుకుతుంది, అలల్లేవు, గాలి లేచినా ఒడ్డు దగ్గరే. సముద్రం పక్కనే ఉండి మంచినీళ్ళు కావడం వల్ల గోపాల్‌పూర్ శాంపిల్‌తో పక్కపక్కన పెట్టి చూపించడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మంచినీళ్ళలో సాధారణంగా ఎక్కువుండే ఏసీ1 అనే ఆక్టినోబ్యాక్టీరియా ఒక పక్క, సముద్రంలో ఎక్కువుండే ఎస్ఏఆర్11 ఇంకో పక్క, మొదటి ఏడాది పిల్లలకు కూడా బొమ్మ చూడగానే అర్థమవుతుంది. చిలికా అంత పేరున్న సరస్సు కాదు కదా, పేపరు పడుతుందా అంటారు. ఇరవై నాలుగు నెలలు ఒక్క నెల కూడా తప్పకుండా తీసిన తంపర, సగం సగం తీసిన చిలికా కంటే ఎంతో మేలు.

గుణుపురం, రాయగడ వాళ్ళకు వంశధార, నాగావళి ఉన్నాయి. పైన ఒడిశాలో పుట్టి కింద శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలిసే నదులు, పైన ఒకరు కింద ఒకరు కలిసి చేస్తే రెండు రాష్ట్రాల కాలేజీలకూ ఒకే డేటా అవుతుంది, ఇది ఎవరైనా చేస్తే చూడాలని నా కోరిక. తప్తపాణి వేడి నీటి ఊట కూడా అడుగుతుంటారు. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళి చూపించడానికి బాగుంటుంది, కానీ కుండంలో భక్తుల స్నానాలు, పూజలు. ఏడాదంతా దాని మీదే నిలబడడం నేను చెప్పను.

ఏ సీక్వెన్సింగ్

సీక్వెన్సింగ్ అంటే శాంపిల్‌లోని డీఎన్ఏ అక్షరాలు యంత్రంతో చదివించడం. ఇక్కడ డబ్బు మాట. సొంత ప్రాజెక్టు గ్రాంటు లేనివాళ్ళు షాట్‌గన్ మెటాజీనోమ్ (నీళ్ళలో ఉన్న డీఎన్ఏ అంతా చదివించడం) వైపు వెళ్ళకండి. జీవి ఏం చేయగలదో, ఏ జన్యువులున్నాయో తెలుస్తుంది, నిజమే, కానీ శాంపిల్‌కు ఖర్చు చాలా ఎక్కువ, వరసలు కలిపి కట్టడానికి పెద్ద మెమొరీ ఉన్న సర్వర్ కావాలి, క్లాసులో ముప్ఫై మంది ఒకేసారి నడపలేరు. నానోపోర్ మినియన్ చేతిలో పట్టేంత పరికరం, ఏ బ్యాక్టీరియానో గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు మొత్తం, దాదాపు 1500 అక్షరాలు, ఒక్క రీడ్‌లో (యంత్రం ఒక్కసారి చదివిన ముక్కే రీడ్) చదువుతుంది, క్లాసులోనే కళ్ళ ముందు రీడ్లు పడుతుంటే పిల్లల మొహాలు చూడాలి. అయితే అందులో పెట్టే ఫ్లో సెల్ అనే చిప్పు ఫ్రిజ్‌లో పెట్టినా ఎక్కువ నెలలు ఆగదు, కొన్న తర్వాత సెమిస్టర్ వాయిదా పడితే డబ్బు పోయినట్టే. డిపార్టుమెంటు కొని, ముగ్గురు కలిసి వాడుకునేట్టైతే తీసుకోండి.

మిగతావాళ్ళకు 16ఎస్‌లో ఒక ముక్క, వీ4 భాగం, ఇల్యూమినా యంత్రం మీద చాలు. పాఠానికీ పరిశోధనకూ రెండింటికీ సరిపోయేది ఇదే. దేశంలోనే చేయించండి, శాంపిళ్ళు బయటి దేశానికి పంపాలంటే జీవవైవిధ్య చట్టం కింద అనుమతులు కావాలి, ఆ టెన్షన్ మొదటి ఏడాదే ఎందుకు.

ఇచ్చేముందు ప్రైమర్ (జన్యువుకు అంటుకుని నకళ్ళు తీయడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్క) ఏది వాడతారో అడగండి, ఇది నేను గట్టిగా చెప్తాను. పాత 806 రివర్స్ ప్రైమర్ వాడితే ఎస్ఏఆర్11 ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. 2015లో దాన్ని సరిచేశారు, మార్చింది ఒకే ఒక్క అక్షరం, హెచ్ ఉన్న చోట ఎన్ పెట్టారు. ప్రైమర్ భాషలో హెచ్ అంటే ఏ, సీ, టీలలో ఏదైనా, జీ మాత్రం కాదు. ఎన్ అంటే నాలుగింటిలో ఏదైనా. అక్కడ ఎస్ఏఆర్11కు జీకి సరిపోలే అక్షరం ఉంది, అందుకే పాత ప్రైమర్ సరిగ్గా అంటుకోలేదు. సముద్రంలో అంత ఎక్కువగా ఉండే గుంపు ఒక్క అక్షరం వల్ల లెక్కలో తగ్గిపోయింది. నేను దీన్ని రెండో వారం ప్రాక్టికల్‌గా పెడతాను, పిల్లలు ఎన్‌సీబీఐ అనే అమెరికావాళ్ళ పబ్లిక్ డేటా నిల్వ నుంచి ఎస్ఏఆర్11 వరస దించుకుని, రెండు ప్రైమర్లనూ పక్కన పెట్టి, ఆ అక్షరం తామే పట్టుకోవాలి. అలైన్‌మెంట్, అంటే వరసల్ని ఇలా పక్కపక్కన పెట్టి పోల్చడం, ఎందుకు నేర్చుకోవాలని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

క్లాసులో ఏది వాడాలి

సొంత డేటానా, పబ్లిక్ డేటానా? రెండూ, కానీ ఈ వరసలో: మొదటి సెమిస్టర్ పూర్తిగా పబ్లిక్ డేటా, రెండో ఏడాది నుంచి సొంతది. ఎందుకంటే సీక్వెన్సింగ్ ఫలితాలు ఎప్పుడొస్తాయో మన చేతిలో లేదు. మాకు ఒక ఏడాది సెప్టెంబరులో రావాల్సినవి పరీక్షలు అయిపోయాక వచ్చాయి, క్లాసు మొత్తం ఖాళీ స్లైడ్ల మీద నడిచింది. ఎన్‌సీబీఐ ఎస్ఆర్ఏలో, యూరప్ వాళ్ళ ఎంగ్నిఫైలో నీళ్ళ శాంపిళ్ళు లెక్కలేనన్ని ఉన్నాయి, 2009 నుంచి 2013 దాకా సముద్రాలన్నీ తిరిగిన తారా ఓషన్స్ డేటా కూడా అందరికీ తెరిచే ఉంది. ముందే నడిపి చూసుకున్న ఆరు శాంపిళ్ళు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ పోయినా, ఏం పోయినా క్లాసు ఆగదు.

అయినా సొంత డేటాకు ఉన్న బలం వేరు. ఫాస్ట్‌క్యూ ఫైలు, అంటే సీక్వెన్సింగ్ నుంచి వచ్చే రీడ్ల ఫైలు, తెరిచి మొదటి నాలుగు గీతలు చూపిస్తాను. మొదటి గీత పేరు, రెండోది ఏ, సీ, జీ, టీల వరస, మూడోది ఒక ప్లస్ గుర్తు, నాలుగోది పిచ్చి అక్షరాల్లా కనిపించేది. ఆ నాలుగోదే అసలు సంగతి. ఒక్కో గుర్తూ పైన ఉన్న ఒక్కో అక్షరాన్ని ఎంత నమ్మవచ్చో చెప్తుంది. ఇంగ్లిష్ పెద్ద ఐ ఉంటే 40, అంటే పదివేలలో ఒక తప్పుకు అవకాశం. ప్రశ్నార్థకం ఉంటే 30, వెయ్యిలో ఒకటి. 5 అంకె ఉంటే 20, వందలో ఒకటి. హ్యాష్ గుర్తు ఉంటే 2, దాన్ని నమ్మొద్దు. ఇదంతా చెప్పి, "ఈ రీడ్ మనం తంపరలో మూడో స్టేషన్ దగ్గర, నాచు పక్కన పట్టిన నీళ్ళది" అన్నప్పుడు, ఆ రోజు బాటిల్ పట్టుకున్న పిల్లాడు కుర్చీలోంచి ముందుకు వంగాడు. పబ్లిక్ డేటాతో అది జరగదు.

రీడ్లను శుభ్రం చేసి బ్యాక్టీరియా పేర్లు పెట్టే సాఫ్ట్‌వేర్ విషయంలో పెద్దగా వాదించను. కమాండ్ లైన్ ముట్టని పిల్లలకు గెలాక్సీ, బ్రౌజర్‌లో నడుస్తుంది, భయం పోతుంది, కానీ లోపల ఏం జరిగిందో దాగిపోతుంది. మోథర్ పాతది, 2009 నుంచి ఉంది, దాని పాఠాలు ఓపికగా రాసి ఉంటాయి. చైమ్ 2లో అన్నీ ఒకేచోట ఉంటాయి, ఏ కమాండ్ తర్వాత ఏది నడిచిందో అదే రాసుకుంటుంది, కానీ ఇన్‌స్టాల్ చెయ్యడం పిల్లల ల్యాప్‌టాప్‌లలో ఒక వారం తినేస్తుంది, సిల్వా డేటాబేస్‌తో పేర్లు పెట్టే దగ్గర 8 జీబీ మెమొరీ చాలక ఆగిపోతుంది. నా ఓటు ఆర్ అనే లెక్కల ప్రోగ్రామింగ్ భాషలో నడిచే డాడా2కు. 2016 నుంచి ఉంది, ఒక్కో మెట్టూ విడిగా నడిపి, ఎన్ని రీడ్లు మిగిలాయో చూసుకుంటూ వెళ్ళవచ్చు, తర్వాత అదే ఆర్‌లో వీగన్ ప్యాకేజీతో పోలికలు చెయ్యవచ్చు. సొంత కంప్యూటర్ లేని పిల్లలుంటారు, మా దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, వాళ్ళకోసం బ్రౌజర్‌లోనే నడిచే గూగుల్ కొలాబ్‌లో చిన్న డేటాతో అదే పాఠం సిద్ధంగా పెట్టుకోండి. ఫోన్‌లో కొలాబ్ తెరిచి ప్రాక్టికల్ పూర్తి చేసిన అమ్మాయిని నేను చూశాను, అలా ఏ పిల్లా చెయ్యాల్సి రాకూడదు, ల్యాబ్‌ను సాయంత్రం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచమని అడగడం మన పని.

భాష సంగతి కూడా ఎంపికలో భాగమే. మా క్లాసులో సగం ఒడియా, సగం తెలుగు, పరీక్ష ఇంగ్లిష్‌లో. ఎర్రర్ మెసేజ్ వచ్చినప్పుడు దాన్ని గట్టిగా చదివించి, అర్థం తమ భాషలో చెప్పమంటాను. "ఫైలు ఆ చోట లేదంటోంది సార్" అని తన నోటితో అన్నాక ఆ పిల్ల నా దగ్గరికి రాదు, ఫోల్డర్ చూసుకుంటుంది. అటు విశాఖకో హైదరాబాదుకో వెళ్తే ఈ రెండు భాషల బలం మీకు ఉపయోగపడకపోవచ్చు. ఇక్కడ రోజూ పనికొస్తుంది, పడవ మీదా, క్లాసులోనూ.

రెండూ కలిపేటప్పుడు ఒక హద్దు పెట్టుకోవాలి. పిల్లలు మన శాంపిళ్ళు మోసే కూలీలు కాదు. ఎవరు ఏ పని చేశారో మొదటి రోజు నుంచి ఒక పుస్తకంలో రాయండి, పేపరులో పేరు ఎప్పుడు ఉంటుందో ముందే చెప్పండి, నీళ్ళలోకి దిగేవాళ్ళకు లైఫ్ జాకెట్ లేకపోతే ఆ రోజు వెళ్ళడం మానెయ్యండి. మార్కులు వేసేది మనమే కాబట్టి వాళ్ళు కాదనలేరు, అందుకే ఈ జాగ్రత్త మనమే పడాలి.

చేరేముందు ఇంటర్వ్యూలోనో తర్వాతో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రీజర్ జనరేటర్ లైన్ మీద ఉందా? 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు మా వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. వారంలో ఒక్క రోజు మొదటి పీరియడ్ ఖాళీ ఇస్తారా? ప్రాక్టికల్ సిలబస్‌లో డేటా మార్చుకునే స్వేచ్ఛ ఉందా? ఈ మూడింటికీ లేదంటే, మూడో దారి కూడా పాఠం ఒక్కటే చెప్పే దారే అవుతుంది, అలా తెలిసే చేరండి. ఇంకో చిన్న విషయం, ట్యూబుల మీద మార్కర్‌తో రాయకండి, ఎథనాల్ ఒక్క చుక్క పడితే చెరిగిపోతుంది, మాకు పద్నాలుగు ట్యూబులు అలా పేరు లేకుండా పోయాయి. కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి కవర్ లోపల పెట్టండి. శాంపిళ్ళతో పాటు శుద్ధమైన నీళ్ళు కూడా ఒకసారి అదే విధంగా వడకట్టి పంపండి, కిట్లలోనే బ్యాక్టీరియా డీఎన్ఏ ఉంటుంది, అది ఏదో తెలియకపోతే మన సరస్సుదే అనుకుంటాం.

ఆ పర్లాకిమిడి అమ్మాయి ఈ మూడు ప్రశ్నలూ అడిగింది. ఫ్రీజర్‌కు జనరేటర్ ఉందన్నారు, మంగళవారం మొదటి పీరియడ్ ఖాళీ ఇస్తామన్నారు, సిలబస్ సంగతి చూద్దామన్నారు. చేరింది, తంపర పెట్టుకుంది. మొదటి మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ఫోన్. "సార్, మూడు వందల మిల్లీలీటర్లకే ఫిల్టర్ మూసుకుపోయింది, లీటరు అనుకున్నాం కదా, ఏం చెయ్యను?" 0.22 మైక్రాన్ ఫిల్టర్, వాన తర్వాత బురద నీళ్ళు, అంతకంటే దిగదు. బలంగా పంపు కొట్టొద్దు, ఆ ఫిల్టర్ తీసి ట్యూబులో వెయ్యి, కొత్తది పెట్టి ఇంకో మూడు వందలు పట్టు, రెండూ ఒకే ట్యూబులో వేసి ఆరు వందలని రాసుకో, ఐస్‌లో పెట్టి బయల్దేరు, పదిన్నరకు క్లాసుంది అన్నాను.